‘అక్కడక్కడ’ అంటే ఎక్కడ?

ఏప్రిల్ వచ్చిందంటే మన హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ మధ్యాహ్నం ఒక లైను తిరుగుతూ ఉంటుంది. మీరూ చూసే ఉంటారు. రాగల ఇరవై నాలుగు గంటల్లో ఫలానా ఫలానా జిల్లాల్లో అక్కడక్కడ ఉరుములు, మెరుపులు, గంటకు 40 నుంచి 50 కి.మీ. వేగంతో వీచే ఈదురుగాలులతో కూడిన వర్షాలు కురిసే అవకాశం ఉంది అని. దాని కింద ఎవడో ఒకడు "ఆ అక్కడక్కడ ఎప్పుడూ మా ఇంటి దగ్గర ఉండదేంట్రా" అని పెడతాడు. నేనూ నవ్వే బ్యాచే, రెండేళ్ల కిందటి వేసవి దాకా.

మా మేనమామది కొల్లాపూర్ దగ్గర ఒక పల్లె. వేసవిలో ఆయనకు రెండు పనులు. ఒకటి, ఇంకొకరితో కలిసి కౌలుకు తీసుకున్న మామిడి తోట. రెండోది, సోమశిల వైపు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో పుట్టి వేసుకుని చేపల వేట. మే నెల మధ్యలో ఒక రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అల్లుడా, నువ్వు ఇంజినీరింగు సదువుతున్నవ్ గదా. ఇయ్యాల గాలివాన వొస్తదా జూడు. పొద్దు గూకక ముందే వలలు ఎయ్యనీకి పోవాలె" అన్నాడు. నేను ఫోన్‌లో ఉన్న వాతావరణం యాప్ తెరిచాను. సగం సూర్యుడు, సగం మబ్బు బొమ్మ, పక్కన 20 శాతం. "ఏం రాదు మామా, ఇరవై శాతమే, పో" అన్నాను.

సాయంత్రం ఐదున్నరకు ఏటి అవతలి ఒడ్డు నుంచి గాలి లేచింది. వాన ఇంకా ఒక్క చుక్క పడలేదు. పుట్టి బోర్లా పడింది. మామకు ఈత వచ్చు కాబట్టి, ఆ బోర్లా పడ్డ పుట్టినే పట్టుకుని చాలాసేపు నీళ్లలో ఉండి, గాలి తగ్గాక ఒడ్డుకు చేరాడు. వలలు పోయాయి, ఫోన్ పోయింది. మూడో రోజు వేరేవాళ్ల ఫోన్ నుంచి మాట్లాడాడు. తిట్టలేదు. "నువ్వేం జేస్తవ్‌లే అల్లుడా, మొగులు నీ మాట ఇంటదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆ రోజు బులెటిన్ వెతికి చూశాను. మా మామ జిల్లా పేరు అందులో ఉంది. గాలి వేగం కూడా ఉంది. అంటే సమాచారం ఉంది, నాకు చదవడం రాలేదు. ఆ ఒక్క లైను చదవడం నేర్చుకోవడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. అది మీకు పది నిమిషాల్లో చెప్పాలని ఈ వ్యాసం.

ముందు ఆ ‘అక్కడక్కడ’ సంగతి. అది ఎవరో మొహమాటానికి వాడిన మాట కాదు, దానికి లెక్క ఉంది. భారత వాతావరణ శాఖ లెక్కలో ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం, అంతకంటే తక్కువ చోట్ల వాన పడితే అది ‘అక్కడక్కడ’. 26 నుంచి 50 శాతం అయితే ‘కొన్ని చోట్ల’. 51 నుంచి 75 అయితే ‘చాలా చోట్ల’. ఆ పైన ‘దాదాపు అన్ని చోట్ల’. కాబట్టి ‘అక్కడక్కడ’ అన్న రోజున నలుగురిలో కనీసం ముగ్గురికి వాన పడకూడదు. ఆ ముగ్గురూ గ్రూపులో జోకులు వేస్తున్నారంటే అంచనా సరిగ్గా వచ్చినట్టే. నాలుగోవాడు జోకులు వేసే పరిస్థితిలో ఉండడు.

నా యాప్ చూపించిన 20 శాతం కూడా అబద్ధం కాదు, అదే ఇక్కడ తమాషా. అది వాన పడే అవకాశం గురించి చెప్పింది. వస్తే ఎలా వస్తుందో చెప్పలేదు. పైగా ఆ యాప్‌ల వెనక ఉండే ప్రపంచ స్థాయి మోడళ్లు భూమిని సుమారు 9 నుంచి 13 కి.మీ. గడులుగా కోసి లెక్క వేస్తాయి. వేసవి ఉరుము మేఘం మొత్తం వెడల్పే ఐదు నుంచి పది కి.మీ. గడి కంటే చిన్న వస్తువును గడి ఎలా పట్టుకుంటుంది?

అసలు ఈ వానలు ఇలా ముక్కలు ముక్కలుగా ఎందుకు పడతాయి? ఎండ ఎక్కువైతే వాన వస్తుంది అని మనం అనుకుంటాం. ఎండ ఒక్కటే సరిపోతే రాజస్థాన్‌లో రోజూ ఉరమాలి. మూడు కావాలి: వేడి, తేమ, ఆ రెంటినీ పైకి నెట్టేది ఒకటి. వేడి మనకు కొరత లేదు. తేమ బంగాళాఖాతం నుంచి వస్తుంది. వాయవ్యం నుంచి వచ్చే పొడి వేడిగాలి, ఆగ్నేయం నుంచి వచ్చే తడి గాలి మధ్యలో ఎక్కడో కలుసుకుంటాయి. ఆ కలిసే గీతనే వార్తల్లో ‘ద్రోణి’ అని చదువుతుంటారు. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి కొనసాగుతోంది అని వింటుంటాం కదా, అదే. అది ఒక రోజు కాస్త తూర్పుకు, ఒక రోజు పడమరకు జరుగుతుంది. దాని పక్కన ఎవరి ఊరు ఉంటే ఆ రోజు వారి వంతు.

కానీ ద్రోణి ఉన్నంత మాత్రాన వాన రాదు. పైన మూత ఉంటుంది. దక్కన్ మీద వేడెక్కిన పొడి గాలి ఒక పొరలాగా ఒకటిన్నర, రెండు కి.మీ. ఎత్తున పరుచుకుని ఉంటుంది. కింద నుంచి లేచే గాలి ఆ పొర కంటే చల్లగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. కుక్కర్ మూత లాంటిది. మూత గట్టిగా ఉన్న రోజు ఉక్కపోతే తప్ప ఏమీ ఉండదు. మూత మొత్తం ఒకేసారి లేవదు, ఎక్కడో ఒక చోట తూటు పడుతుంది. చుట్టుపక్కల ఉన్న శక్తి అంతా ఆ తూటు గుండా పైకి పోతుంది. ఆ తూటు ఏ మండలంలో పడుతుందో పొద్దున్నే చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. పడే వాతావరణం ఉందా లేదా అన్నది మాత్రం చెప్పొచ్చు.

అది ఎలా తెలుస్తుందంటే బెలూన్ ద్వారా. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి చోట్ల రోజూ ఉదయం 5:30, సాయంత్రం 5:30 వేళకు ఒక బెలూన్ వదులుతారు. దానికి కట్టిన చిన్న పెట్టె పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, గాలి పంపిస్తుంది. ఆ గ్రాఫులు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అందులో ‘కేప్’ అని ఒక సంఖ్య ఉంటుంది. పైకి లేచే ఒక్కో కిలో గాలికి ఎన్ని జౌళ్ల శక్తి దొరుకుతుందో ఆ సంఖ్య. మన ఫస్టియర్ ఫిజిక్సే: శక్తిని సగం ఎమ్ వి స్క్వేర్‌తో సమానం చేయండి. కేప్ 2000 అయితే వేగం సెకనుకు 63 మీటర్లు వస్తుంది. గంటకు దాదాపు 227 కి.మీ., నిలువుగా! నిజంలో పక్క గాలి కలిసి, నీటి బరువు లాగి అందులో సగమో ఇంకా తక్కువో మిగులుతుంది. అయినా చిన్న వేగం కాదు.

ఇంకో చిన్న లెక్క, ఇది చాలా ముఖ్యం. మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40, డ్యూ పాయింట్ 20 అనుకోండి. రెండింటి తేడాలో ప్రతి డిగ్రీకి సుమారు 125 మీటర్లు చొప్పున మేఘం అడుగు లేస్తుంది. అంటే రెండున్నర కి.మీ. ఎత్తున మేఘం మొదలవుతుంది. వానాకాలంలో మేఘం నెత్తి మీదే ఉన్నట్టు ఉంటుంది, వేసవిలో అంత ఎత్తున ఉంటుంది. ఆ మేఘం నుంచి రాలే చినుకులు రెండున్నర కి.మీ. పొడి గాలిలోంచి దిగాలి. దారిలో చాలా చినుకులు ఆవిరైపోతాయి. కిలో గాలిలో ఒక్క గ్రాము నీరు ఆవిరైతే ఆ గాలి రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మూడు గ్రాములు ఆవిరైతే ఏడున్నర డిగ్రీలు. చల్లబడ్డ గాలి బరువెక్కి రాయిలా కిందికి జారుతుంది. నేలను తాకి, బకెట్ నీళ్లు గచ్చు మీద కుమ్మరించినట్టు నాలుగు పక్కలకూ పరుచుకుంటుంది. అదే మన ఈదురుగాలి. వాన ఎంత తక్కువ పడితే గాలి అంత తక్కువ అనుకోవడం తప్పు. చాలాసార్లు వాన దారిలో ఆవిరి కావడమే గాలికి బలం. ఆ గాలి మేఘాన్ని వదిలి ముందుకు పరుగెడుతుంది, వాన కంటే పది, పదిహేను కి.మీ. ముందే వచ్చి మీద పడుతుంది. దారిలో ఇంకో చోట వేడి గాలిని పైకెత్తి కొత్త మేఘాన్ని కూడా పుట్టిస్తుంది.

ఒక్కో మేఘం బతికేది అరగంట నుంచి గంట. పెరగడం, విరుచుకుపడడం, చచ్చిపోవడం అని మూడు దశలు. ఇది కుర్చీలో కూర్చుని కనుక్కున్నది కాదు. 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఒహాయోలో హోరేస్ బయర్స్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో యుద్ధ విమానాలను కావాలని ఉరుము మేఘాల్లోకి నడిపి కొలిచారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి విమానాలు, పైలట్లు ఖాళీగా ఉన్నారు మరి.

ఇక అసలు విషయం. మేఘం ఒకటే, బులెటిన్‌లో లైను కూడా ఒకటే. కానీ దాన్ని చదివేవాడు నేల మీద ఉన్నాడా, గాలిలో ఉన్నాడా, నీళ్ల మీద ఉన్నాడా అన్నదాన్ని బట్టి అందులో చూసుకోవాల్సిన మాట మారుతుంది. చేతిలో ఉన్న టైమూ మారుతుంది. మా మామ ఒక్కడే పొద్దున తోటలో, సాయంత్రం నీళ్లలో ఉంటాడు కాబట్టి ఆయనకు ఒకే రోజు రెండు రకాల అంచనాలు కావాలి. నేను ఒకటి కూడా సరిగ్గా ఇవ్వలేదు.

తోటకు కావాల్సింది రెండు, మూడు రోజుల ముందు మాట. కృత్తిక కార్తె నాటికి కొల్లాపూర్ బేనిషాన్ చెట్టు మీద బరువుగా వేలాడుతూ ఉంటుంది. గాలి రాబోతోందని మూడు గంటల ముందు చెబితే రైతు ఏం చేస్తాడు, చెట్టును పట్టుకుని నిలబడతాడా? రెండు రోజుల ముందు తెలిస్తే కూలీలను పిలిచి ముదిరిన కాయనైనా కోయించుకుంటాడు. రాలిన కాయకు మార్కెట్లో వచ్చే ధర గురించి మా మామను అడగకండి. వడగళ్లు పడితే అది కూడా రాదు, దెబ్బ తగిలిన కాయ రెండు రోజుల్లో నల్లబడుతుంది. వడగళ్ల భయం మార్చి, ఏప్రిల్‌లో ఎక్కువ. మే వచ్చేసరికి గాలిలో గడ్డకట్టే మట్టం ఇంకా పైకి పోతుంది, మంచు ముక్క అంత దూరం దిగేలోపు చాలావరకు కరిగిపోతుంది.

నేల మీద ప్రాణం తీసేది పిడుగు. దేశంలో ఏటా రెండు వేలమందికి పైగా పిడుగుపాటుకే చనిపోతున్నారు. ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్లు, గొర్లు, మేకలు కాసేవాళ్లు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఈ లెక్క ప్రపంచమంతా వార్త అయింది. పుణెలోని ఐఐటీఎం తయారు చేసిన ‘దామిని’ యాప్ మీరున్న చోటుకు 20 కి.మీ., 40 కి.మీ. లోపల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. ఫోన్‌లో వేసుకోండి. ఫోన్ లేకపోతే చెవులు ఉన్నాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కి.మీ. దూరం. మా అమ్మమ్మ మెరుపు మెరవగానే అర్జునుడి పది పేర్లు చదివేది. ఆమెకు భక్తి, నాకు స్టాప్‌వాచ్. నేను కొలిచి చూశాను, ఆమె వేగంలో పది పేర్లకు ఆరు సెకన్లు పట్టేది. పేర్లు పూర్తికాకముందే ఉరిమితే పిడుగు రెండు కి.మీ. లోపలే ఉన్నట్టు. చెట్టు కింద నిలబడొద్దన్నది అందరికీ తెలుసు. వాన మొదలైతే అందరూ నిలబడేదీ అక్కడే.

విమానాల సంగతి నాకు మా అక్క వల్ల తెలిసింది. ఆమె ఢిల్లీ నుంచి వస్తున్న విమానం శంషాబాద్ దగ్గరికి వచ్చి, పైన చుట్లు కొట్టి కొట్టి, చివరకు విజయవాడకు పోయింది. అర్ధరాత్రి ఇంటికొచ్చి ఒకటే గొడవ. "ఎయిర్‌పోర్టులో చుక్క వాన లేదంట, మరి ఎందుకు దింపలేదు?" అని. అక్క ప్రశ్నకు జవాబు పైన చెప్పుకున్న బకెట్ నీళ్లలోనే ఉంది. రన్‌వేకు కొద్ది దూరంలో అలాంటి చల్లగాలి కుమ్మరింపు జరిగిందనుకోండి. దిగుతున్న విమానం మొదట ఎదురుగాలిలోకి పోతుంది. రెక్కల మీద గాలి పెరిగి విమానం లేస్తుంది. కొన్ని సెకన్లలో మధ్యలోకి వచ్చేసరికి పైనుంచి గాలి తొక్కుతుంది. అవతలి పక్కకు పోగానే అదే గాలి వెనక నుంచి తోస్తుంది. ఎదురుగాలి 25 నాట్లు, వెనకగాలి 25 నాట్లు అయితే, 140 నాట్లతో దిగుతున్న విమానానికి 50 నాట్లు ఒక్కసారిగా పోయినట్టు. అదీ నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తున. దీనికి వాన అక్కర్లేదు.

ఇలా జరుగుతుందని 1975 దాకా ఎవరూ గట్టిగా నమ్మలేదు. ఆ ఏడాది జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయం దగ్గర ఈస్టర్న్ 66 విమానం కూలింది. టెడ్ ఫుజిటా అనే జపాన్ శాస్త్రవేత్త ఆ రోజు గాలుల లెక్కలు తీసి ఇది ‘డౌన్‌బరస్ట్’ అన్నాడు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు నాగసాకిలో బాంబు పడ్డాక చెట్లు ఒక కేంద్రం నుంచి బయటికి నక్షత్రం ఆకారంలో పడిపోయి ఉండడం చూశాడు. అమెరికాలో తుఫాను దెబ్బతిన్న అడవుల్లో అదే ఆకారం కనిపించేసరికి పాతది గుర్తొచ్చింది. చాలామంది ఒప్పుకోలేదు. 1985 ఆగస్టు 2న డాలస్‌లో డెల్టా 191 అదే విధంగా కూలాక ఇంక వాదన మిగల్లేదు. ఆ తర్వాతే విమానాల్లో, విమానాశ్రయాల్లో దీన్ని పట్టే పరికరాలు, పైలట్లకు ప్రత్యేక శిక్షణ వచ్చాయి. ఈ కథ చదివాక నేను గాలివాన మర్నాడు తోటకు పోతే రాలిన కాయలు ఏ వైపు ఎగిరిపడ్డాయో చూడడం మొదలుపెట్టాను. మామ మాత్రం "కాయలు ఏరరా ముందు" అంటాడు.

విమానాలకు ప్రత్యేక బులెటిన్లు ఉంటాయి. ఒకటి అరగంటకోసారి ఇప్పుడెలా ఉందో చెబుతుంది, ఇంకొకటి రాబోయే గంటల్లో ఎలా ఉండొచ్చో చెబుతుంది. భాష మాత్రం కోడ్. ‘టిఎస్‌ఆర్‌ఏ’ అంటే ఉరుములతో వాన. ‘26018జి35కెటి’ అంటే 260 డిగ్రీల దిక్కు నుంచి 18 నాట్ల గాలి, మధ్యమధ్యలో 35 నాట్ల విసురు. టైములు గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటాయి, మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. దిగే చోట ‘టిఎస్‌ఆర్‌ఏ’ ఉందంటే బయల్దేరేచోటే అదనంగా ఇంధనం పోయించుకుంటారు. ఇంకో విమానాశ్రయానికి పోవడానికీ, అక్కడ అరగంట తిరగడానికీ సరిపడా ఎటూ ఉండాలి, దాని పైన ఇది. అంటే అక్క విమానం విజయవాడకు పోవడం అనుకోకుండా జరిగింది కాదు. ఆ దారి ఢిల్లీలోనే ట్యాంకులో పోసి పెట్టారు. ఇక మేఘం పైనుంచి ఎగిరిపోదాం అంటే కుదరదు, విమానం 11 కి.మీ. ఎత్తున ఎగిరితే వేసవి క్యుములోనింబస్ 15 కి.మీ. దాటుతుంది. పక్కనుంచి చుట్టుకు పోవాల్సిందే.

కాబట్టి గాలిలో ఉన్నవాడికి కోడ్ ఉంది, రాడార్ ఉంది, కింద నుంచి చెప్పే మనిషి ఉన్నాడు, వేరే చోటికి పోయే దారి ఉంది. నేల మీద ఉన్నవాడికి కనీసం జిల్లా పేరుతో హెచ్చరిక ఉంది, దూరడానికి ఇల్లు ఉంది. నీళ్ల మీద ఉన్నవాడికి ఏముంది?

సముద్రం మీదికి పోయే మత్స్యకారులకు మన బులెటిన్లలో విడిగా హెచ్చరిక ఉంటుంది, వేటకు వెళ్లొద్దని. నేను చదివినన్ని వేసవి బులెటిన్లలో రిజర్వాయర్ల గురించి, బ్యాక్‌వాటర్ గురించి ఒక్క ముక్క విడిగా కనబడలేదు. జిల్లా పేరు ఉంటుంది, ఆ జిల్లాలో నీళ్లు ఉన్నాయని ఉండదు. అమెరికాలో గ్రేట్ లేక్స్‌కు తీరం పొడుగునా ముక్కలు ముక్కలుగా విడి అంచనాలు ఇస్తారు. ఉరుము మేఘం నుంచి 34 నాట్లకు మించిన గాలి నీళ్ల మీదికి వస్తుంటే దానికి ప్రత్యేక హెచ్చరిక ఉంది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు మీద చేపలు పట్టేవాళ్ల కోసం కూడా ప్రపంచ వాతావరణ సంస్థ ఒక ప్రాజెక్టు నడిపింది. అవి సముద్రమంత సరస్సులు, మనవి చిన్నవి అనొచ్చు. మునగడానికి సముద్రమంత నీరు అక్కర్లేదు కదా.

గాలి తోసే బలం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు 20 కి.మీ. గాలి చదరపు మీటరుకు రెండు కిలోలకు కాస్త తక్కువ బరువుతో నెడుతుంది. 60 కి.మీ. గాలి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు నెడుతుంది, సుమారు పదహారు కిలోలు. నేల మీద చెట్లు, ఇళ్లు గాలిని కొంత ఆపుతాయి. నీళ్ల మీద ఆపేది ఏమీ లేదు. పుట్టికి అడుగున కీల్ ఉండదు, గుండ్రంగా ఉంటుంది. నెమ్మదిగా ఉన్న నీళ్లలో దానంత సుఖమైన వాహనం లేదు. గాలి వచ్చిందంటే అది ఎటు తిరుగుతుందో తెడ్డు పట్టినవాడికీ తెలియదు. పెద్ద పడవలైనా అంతే. 2018 మే 15న గోదావరి మీద కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానలో మునిగింది. వాన పడుతోందని తలుపులు మూసుకున్నారు. చాలామంది లోపలే చిక్కుకుపోయారు. నేల మీద అయితే వాన పడితే తలుపు మూసుకోవడం సరైన పని. నీళ్ల మీద అదే పని ప్రాణం తీసింది.

రాడార్ చూసి చెప్పొచ్చు కదా అని నేనూ అనుకున్నాను. హైదరాబాద్‌లో డాప్లర్ రాడార్ ఉంది, దాని బొమ్మలు అందరికీ కనబడతాయి. కానీ సోమశిల అక్కడికి నేరుగా 150 కి.మీ. దూరం. రాడార్ కిరణం అర డిగ్రీ పైకి చూస్తుందనుకుంటే, ఆ వాలు వల్ల 1.3 కి.మీ., భూమి వంపు వల్ల ఇంకో 1.3 కి.మీ., మొత్తం రెండున్నర కి.మీ. పైనే పోతుంది. మేఘం కనబడుతుంది. మేఘం ముందు నేలను అంటుకుని పరుగెత్తే గాలి సాధారణంగా కి.మీ. మందం కూడా ఉండదు, అది కిరణానికి కిందే ఉండిపోతుంది. మామ పుట్టిని తిప్పేసిన గాలి హైదరాబాద్‌కు కనిపించే అవకాశమే లేదు.

అందుకని మేం ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున నేను బెలూన్ గ్రాఫు, రోజు బులెటిన్ చూస్తాను. జిల్లా పేరు ఉందా, రంగు ఏమిటి, గాలి వేగం ఎంత రాశారు. ఇదివరకు వాన శాతం చూసేవాణ్ణి, ఇప్పుడు బ్రాకెట్‌లో ఉన్న గాలి వేగం చూస్తాను. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే పని ఆపాలి. మధ్యాహ్నం మూడు తర్వాత ‘నౌకాస్ట్’ చూస్తాను, అది మూడు గంటల ముందు మాట, జిల్లాల వారీగా వస్తుంది. మబ్బులు ఎటు కదులుతున్నాయో రాడార్ బొమ్మల్లో చూస్తాను. ఇది నా వాటా.

మామ వాటా చివరి అరగంట. ఉరుము పదిహేను కి.మీ. దాకా వినబడుతుంది. చల్లగాలి గంటకు 45 కి.మీ. వేగంతో వస్తే ఆ దూరానికి ఇరవై నిమిషాలు. పుట్టి గంటకు మూడు కి.మీ. కంటే వేగంగా పోదు, ఇరవై నిమిషాల్లో ఒక కి.మీ. అంటే అనుమానం ఉన్న రోజున ఒడ్డు నుంచి కి.మీ. దాటి పోకూడదు, మొదటి ఉరుముకే వెనక్కి తిరగాలి, వలలో చేప ఉన్నా సరే. ఈ లెక్క చెప్పినప్పుడు మామ నవ్వాడు. "మా నాయన గిదే జెప్పేటోడు, ఉరుమితే మళ్లాలె అని. నీ లెక్కలేం లేకుండనే" అన్నాడు. మరి ఆ రోజు ఎందుకు తిరగలేదు అని అడిగాను. "నువ్వు రాదన్నవ్ గదా" అన్నాడు.

ఈ వేసవిలో ఒక రోజు జిల్లాకు పసుపు రంగు ఉంది, గాలి 50 అని రాశారు, గ్రాఫులో కేప్ బాగా ఉంది. మూడింటికి ఫోన్ వచ్చింది. "ఇయ్యాల వొద్దు మామా" అన్నాను. పోలేదు. సాయంత్రం నేను రాడార్ చూస్తూ కూర్చున్నాను, సోమశిల మీద ఏమీ రాలేదు. రాత్రి మామే చేశాడు. "ఆకు గూడ కదల్లే అల్లుడా. ఇయ్యాలటి చేపలు పోయినయ్." నాకు ఏం చెప్పాలో తోచలేదు. "అక్కడక్కడ అన్నారు మామా, ఎక్కడో ఒకచోట పడే ఉంటది" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆఁ, వనపర్తి దిక్కు రేకులు లేసిపోయినయంట" అని పెట్టేశాడు.

మర్నాడు మూడింటికి మళ్లీ ఫోన్ మోగింది.